తెల్లగా ఉంటే చాలా?

డాక్టరుగారు తెల్లకోటు వేసుకుని వార్డులోకి అడుగుపెడితే చాలు... రోగికి సగం జబ్బు తగ్గినట్టే ఉంటుంది. మడత నలగని యూనిఫాంలో సిస్టర్ వచ్చి ‘ఎలా ఉందమ్మా ఇప్పుడు’ అని పలకరిస్తే మిగతా సగం ధైర్యమూ వచ్చేస్తుంది. ఆ తెలుపు మీద జనానికి ఉన్న నమ్మకం అలాంటిది మరి! కానీ, ఆ కోటు ఉతికి ఎన్ని రోజులైంది? ఎవరు ఉతికారు? ఏ నీళ్లతో? ఇంట్లో పసిపాప గౌన్లతో కలిపే మెషీన్లో వేశారా? ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఎవరూ అడగని ప్రశ్నలివి. అడగాల్సిన ప్రశ్నలు కూడా. ఎందుకంటే, తెలుపు వేరు... శుభ్రత వేరు!

నల్లకోటే గొప్ప!

డాక్టరంటే తెల్లకోటు అన్న మాట ఎప్పటినుంచో ఉన్నదేం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ఐరోపా, అమెరికాల్లో సర్జన్లు నల్లకోట్లే వేసుకునేవారు. పెద్దమనుషుల దుస్తులంటే నలుపే కదా. ఆపరేషన్ చేసినప్పుడల్లా రక్తం, చీము చింది కోటు అట్టలా గట్టిపడిపోయేది. అయినా ఉతికేవారు కాదు. ఎన్ని మరకలుంటే అంత అనుభవం ఉన్నట్టు లెక్క!

1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసేముందు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోమంటే తోటి డాక్టర్లే చాలామంది ఒప్పుకోలేదు. చేతులు కడుక్కోవడమే అంత కష్టమైన రోజుల్లో కోటు సంగతి ఎవరికి పడుతుంది? బ్రిటన్‌లో జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలను శుభ్రం చేసే పద్ధతిని ప్రకటించాక గానీ సూక్ష్మజీవుల మాట సర్జన్ల చెవికెక్కలేదు.

ఆ మార్పును కళ్లకు కట్టే బొమ్మలు రెండున్నాయి. రెండూ వేసింది అమెరికా చిత్రకారుడు థామస్ ఈకిన్స్. 1875లో వేసిన ‘గ్రాస్ క్లినిక్’లో సర్జన్లందరూ నల్లకోట్లలోనే ఆపరేషన్ చేస్తుంటారు. 1889లో వేసిన ‘ఆగ్న్యూ క్లినిక్’లో సర్జన్లు తెల్లబట్టల్లో కనిపిస్తారు. ఆ పద్నాలుగేళ్లలో నలుపు తెలుపైంది. మురికి కనపడకుండా దాచే రంగు పోయి, చిన్న మరకనైనా పట్టిచ్చే రంగు వచ్చింది. తెల్లకోటు అసలు ఉద్దేశం అదే. మురికి కనిపించాలి, కనిపించగానే ఉతకాలి!

ఆ తెలుపే మళ్లీ ఆపరేషన్ థియేటర్లో ఇబ్బంది పెట్టింది. దీపాల వెలుగులో తెల్లటి బట్టలు కళ్లకు మిరుమిట్లు గొలిపేవి. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్ ఆకుపచ్చ బట్టలు వాడటం మొదలుపెట్టాడు. ఎర్రటి రక్తాన్ని చూసి చూసి అలసిన కళ్లకు పచ్చదనం హాయిగా ఉంటుంది మరి. థియేటర్లలో పచ్చ, నీలం బట్టలు కనిపించడానికి కారణం అదన్నమాట.

ముందు చాకిరేవు... తర్వాతే వైద్యం

చరిత్రలో పేరున్న నర్సు ఎవరంటే ఎవరైనా ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే చెబుతారు. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం ఆమె టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ సైనికులు పేలు పట్టిన చొక్కాలతో, మురికి దుప్పట్లలో పడి ఉన్నారు. ఆమె ముందుగా చేసిన పనుల్లో ఒకటేంటో తెలుసా... ఆసుపత్రి దగ్గర్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, నీళ్లు కాచే బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలను పనిలో పెట్టుకుని బట్టలు ఉతికించడం! దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగిన ఆ తల్లి గురించి పాఠాల్లో చదువుకుంటాం. వేడినీళ్ల బాన వెలిగించిన సంగతి మాత్రం పెద్దగా చెప్పుకోం.

కోటుతోపాటు ఎవరెవరు?

ఇక నేటి విషయానికొద్దాం. ఆసుపత్రి బట్టల మీద క్రిములు ఎంతకాలం బతుకుతాయి? అమెరికా పరిశోధకులు 2000లో ఆ లెక్క తేల్చారు. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చిపెట్టే స్టెఫైలోకాకస్, ఎంటరోకాకస్ రకాలను నూలు బట్ట, నూలు-పాలిస్టర్ కలిసిన బట్ట, పాలిస్టర్ తెర, ప్లాస్టిక్... ఇలా రకరకాల వాటిమీద వేసి చూశారు. ఒక్కరోజైనా బతకని క్రిమి లేదు. కొన్నయితే 90 రోజులు దాటినా చావలేదు. అంటే, తలుపు వెనక కొక్కేనికి తగిలించిన కోటు నెల తర్వాత తీసినా దానిమీద అతిథులు ఉండొచ్చన్నమాట!

అమెరికాలోనే మేరీల్యాండ్ ఆసుపత్రిలో ఒక సమావేశానికి తెల్లకోట్లతో వచ్చిన 149 మందిని పరీక్షించారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 23 శాతం కోట్ల మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉంది. వాటిలో కొన్ని మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకానివి. 2011లో జెరూసలేంలోని ఒక ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సుల దుస్తులు పరీక్షిస్తే దాదాపు 60 శాతం మంది బట్టల మీద జబ్బులు కలిగించగల క్రిములు కనిపించాయి.

మరి రోజూ ఉతికితే సరిపోతుందా? అదే ఏడాది అమెరికాలోని డెన్వర్‌లో వంద మంది డాక్టర్లతో ఓ పరీక్ష చేశారు. సగం మందికి అప్పుడే ఉతికిన పొట్టిచేతుల యూనిఫాం ఇచ్చారు. మిగతా సగం మంది ఎప్పటిలా తమ తెల్లకోట్లే వేసుకున్నారు. ఎనిమిది గంటల డ్యూటీ అయ్యాక చూస్తే రెండింటి మీదా క్రిములు దాదాపు సమానమే! ఎనిమిది గంటల్లో చేరినవాటిలో దాదాపు సగం మొదటి మూడు గంటల్లోనే చేరిపోయాయి. ఇక ఉతకడం ఎందుకు అనుకుంటే పొరపాటే. నిన్నటి వార్డు క్రిములు ఇవాళ్టి వార్డుకి, ఆసుపత్రి క్రిములు ఇంటికి చేరకుండా చూడాలంటే ఉతకడం తప్ప దారి లేదు. వేసుకున్న బట్ట ఎంత తెల్లగా ఉన్నా మధ్యాహ్నానికి అది శుభ్రమైన బట్ట కాదని గుర్తుపెట్టుకోవాలి. అంతే.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. దుస్తుల మీద క్రిములున్నాయని చెప్పే అధ్యయనాలు చాలా ఉన్నాయిగానీ, ఫలానా కోటువల్లే ఫలానా రోగికి జబ్బు వచ్చిందని నిరూపించినవి చాలా తక్కువ. ఇన్ఫెక్షన్లను మోసే వాహనాల్లో ఇప్పటికీ మొదటి స్థానం చేతులదే. అయితే ఆ చేతులు మాటిమాటికీ తాకేది కోటు జేబులనే కదా!

చేతులు పైకి మడిచిన బ్రిటన్

ఈ గొడవంతా ఎందుకని బ్రిటన్ 2007లో ఓ నిర్ణయం తీసుకుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల్ని చూసేటప్పుడు మోచేతుల కింద ఏమీ ఉండకూడదంది. పొడుగు చేతుల కోటు లేదు, వాచీ లేదు, గాజుల్లేవు. దాంతో అక్కడి వార్డుల్లోంచి తెల్లకోటు దాదాపుగా మాయమైంది. మన దగ్గర ఎంబీబీఎస్ చదివి బ్రిటన్ వెళ్లి పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు అక్కడ మోచేతుల దాకా ఖాళీ చేతులతోనే రోగుల్ని చూస్తారు.

అమెరికా నిపుణుల సంఘం ‘షియా’ 2014లో ఇచ్చిన సూచనలు అంత కఠినంగా లేవు. తెల్లకోటు వేసుకోవచ్చుగానీ వారానికి ఒక్కసారైనా ఉతకాలి, మరకపడితే వెంటనే ఉతకాలి, ఒకటి ఉతుకులో ఉంటే వేసుకోవడానికి ఇంకోటి ఉండాలి, రోగిని ముట్టుకునేముందు కోటు విప్పి తగిలించడానికి కొక్కేలుండాలి... ఇవీ అందులోని ముఖ్యాంశాలు.

మనదేశంలోనూ చర్చ లేకపోలేదు. మెడికల్ కాలేజీల్లో ‘ఆప్రాన్’ అని ముద్దుగా పిలుచుకునే తెల్లకోటును విద్యార్థులు, డాక్టర్లు మానేయడమే మంచిదంటూ మంగుళూరుకు చెందిన ఒక డాక్టరు 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఉక్కపోసే వాతావరణంలో పొడుగు చేతుల కోటు వేసుకుని వార్డు నుంచి క్యాంటీన్‌కి, అక్కడి నుంచి బస్సుకి... అదే కోటు. మొదటి సంవత్సరంలో వేడుకగా తొడుక్కున్న ఆ ఆప్రాన్ గౌరవానికి గుర్తే. కాదనేవారెవరు? కానీ టీ బంకు దగ్గర దాన్ని తొడుక్కుని నిలబడితే గౌరవం పెరగదు.

మెషీన్‌లోనే దొంగ!

అయితే ఉతికేస్తే పోలా... అనుకోవచ్చు. ఉతకడంలోనే ఉంది అసలు కిటుకు.

జర్మనీలోని ఓ పిల్లల ఆసుపత్రిలో 2012 ఏప్రిల్ నుంచి 2013 మే వరకూ ఒక వింత జరిగింది. నవజాత శిశువుల వార్డులో 13 మంది పసికందుల ఒంటిమీద, మందులకు లొంగని ఒకే రకం క్లెబ్సియెల్లా క్రిమి కనిపించింది. అదృష్టం బాగుండి ఎవరికీ ప్రమాదం రాలేదు. సిబ్బంది చేతుల్ని, ఇంక్యుబేటర్లను వెతికారు. దొరకలేదు. చివరికి దొంగ ఎక్కడ దొరికిందంటే... పిల్లల ఊలు టోపీలు, సాక్సులు ఉతికే వాషింగ్ మెషీన్‌లో! ఇళ్లలో వాడే మామూలు మెషీన్ అది. దాని సబ్బుపొడి వేసే అరలో, తలుపు చుట్టూ ఉండే రబ్బరులో ఆ క్రిమి కాపురం పెట్టింది. మెషీన్ తీసేశారు. క్రిమీ పోయింది. 2019లో ఈ కథంతా ఓ సైన్సు పత్రికలో వచ్చింది.

బ్రిటన్‌లో చాలామంది నర్సులు యూనిఫాంలు ఇంట్లోనే ఉతుక్కుంటారు. అక్కడి లెస్టర్‌లోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు రకాల ఇంటి మెషీన్లను పరీక్షించి 2025లో ఫలితాలు చెప్పారు. త్వరగా అయిపోయే ‘క్విక్ వాష్’ నొక్కితే సగం మెషీన్లు క్రిముల్ని సరిగా చంపలేదు. మామూలు వాష్‌లోనూ మూడోవంతు మెషీన్లు ఫెయిల్! పైగా మెషీన్ లోపల జిగటలా పేరుకున్న పొరలో యాంటీబయాటిక్స్‌కి లొంగని లక్షణమున్న జన్యువులూ కనిపించాయి.

అంకె మీద 60 డిగ్రీలని ఉన్నా నీళ్లు నిజంగా అంత వేడెక్కాలన్న గ్యారంటీ లేదన్నమాట. ఇక మన ఇళ్లలో చాలా మెషీన్లు పైనుంచి బట్టలు వేసేవి. అవి వాడేది ట్యాంకు నీళ్లే!

రేవు నేర్పిన పాఠం

వేడి సంగతి మన రజకులకు ఏనాడో తెలుసు. చౌడు కలిపిన నీళ్లలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి, కింద మంటపెట్టి ఉబ్బ వేసేవారు. ఆవిరికి బట్ట ఉడికి, మురికి వదిలేది. తెల్లారాక బండ మీద ఉతికి, జాడించి, ఎండలో ఆరేసేవారు. క్షారం, వేడి, రుద్దుడు, పారే నీళ్లు, ఎండ... ఆధునిక లాండ్రీ చేసేదీ ఇంచుమించు ఇదే!

సబ్బు మురికిని, దాంతోపాటు క్రిముల్ని బట్టనుంచి విడదీస్తుంది. నీళ్లు వాటిని కొట్టుకుపోతాయి. వేడి మిగిలినవాటిని చంపుతుంది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం 60 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉతికితే చాలా సూక్ష్మజీవులు పోతాయి. ఆసుపత్రి లాండ్రీలకైతే 65 డిగ్రీల్లో పది నిమిషాలు, లేదా 71 డిగ్రీల్లో మూడు నిమిషాలు ఉంచాలన్నది అక్కడి లెక్క. మంచి లాండ్రీల్లో మురికి బట్టలు ఒక గదిలోంచి మెషీన్లోకి వెళ్తాయి, ఉతికినవి మెషీన్ రెండోవైపు తలుపులోంచి ఇంకో గదిలోకి వస్తాయి. రెండూ కలిసే అవకాశమే ఉండదు.

ఇంటికొచ్చిన యూనిఫాంకు...

అన్ని ఆసుపత్రుల్లోనూ సిబ్బంది బట్టలు ఉతికే ఏర్పాటు ఉండదు. కాబట్టి యూనిఫాం ఇంటికొస్తుంది. అలాంటి ఇళ్లలో పాటించాల్సినవి ఇవి:

* వీలైతే డ్యూటీ అవగానే ఆసుపత్రిలోనే బట్టలు మార్చుకోవాలి. విప్పిన యూనిఫాంకు విడిగా ఒక సంచి ఉండాలి. టిఫిన్ బాక్సుతో కలిపి హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కకూడదు.

* జేబులు చూసుకోవాలి. పెన్ను, గాజు మందుసీసా ముక్క, సూది మూత... ఏదైనా ఉండొచ్చు. బట్టల్ని దులపకూడదు. దులిపితే క్రిములు గాల్లోకి లేస్తాయి.

* ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. మెషీన్ నిండా కుక్కితే నీళ్లు తిరగవు, మురికి వదలదు. క్విక్ వాష్ జోలికి పోవద్దు.

* వేడినీళ్ల మెషీన్ లేకపోతే దిగులక్కర్లేదు. మరిగిన నీళ్లు, మామూలు నీళ్లు సమానంగా కలిపితే సుమారు 60 డిగ్రీలుంటుంది. అందులో సబ్బుపొడి వేసి, బట్టల్ని కర్రతో ముంచి మూతపెట్టాలి. చెయ్యి పెట్టొద్దు, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

* తెల్లటి నూలు బట్టలైతే ఉతికి జాడించాక బ్లీచ్ నీళ్లలో అరగంట నానబెట్టొచ్చు. 5 శాతం గాఢత ఉన్న బ్లీచ్ ద్రావణమైతే లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు చాలు. ఉతక్కుండా నేరుగా బ్లీచ్‌లో వేస్తే మురికే దాని బలాన్ని తినేస్తుంది. రంగు యూనిఫాంలకు ఇది పనికిరాదు. బ్లీచ్‌లో బాత్‌రూం యాసిడ్ లాంటివి కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త!

* ఎండలో పూర్తిగా ఆరేయాలి. తడిపొడిగా మడతపెడితే పడ్డ శ్రమంతా వృథా. ఆపైన వేడి ఇస్త్రీ. నీలిమందు, గంజి అందానికే. వాటితో క్రిములు చావవు.

* నెలకోసారి ఖాళీ మెషీన్‌ను, వీలుంటే వేడినీళ్లతో తిప్పాలి. సబ్బు అర, తలుపు రబ్బరు తుడవాలి. ఉతుకు అయ్యాక మూత కాసేపు తెరిచి ఉంచాలి.

మరకకో మందు

రక్తపు మరకను వేడినీళ్లలో వేస్తే అది బట్టకు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ముందు చన్నీళ్లలో నానబెట్టి జాడించాలి. తర్వాతే సబ్బు, వేడినీళ్లు. తెల్లబట్ట మీద మిగిలిన మరకకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది.

గాయాలకు వాడే అయోడిన్ మందు మరకపడితే విటమిన్ సి మాత్ర నీళ్లలో కరిగించి రాయాలి. గోధుమరంగు కళ్లముందే వెలిసిపోతుంది.

బాల్‌పెన్ సిరాకు స్పిరిట్. మరక కింద పాతగుడ్డ పెట్టి అద్దాలి. రుద్దితే పాకుతుంది.

ఇక చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆసుపత్రుల్లో చేతులకు, చర్మానికి వాడే క్లోర్‌హెక్సిడిన్ మందు బట్ట మీద పడితే మొదట ఏమీ కనిపించదు. దాన్ని బ్లీచ్‌లో వేశారా... గోధుమరంగు మరక తేలుతుంది, ఇక వదలదు! ఐసీయూ, థియేటర్ బట్టల్ని బాగా జాడించకుండా క్లోరిన్ బ్లీచ్ వాడకపోవడమే మేలు.

ఆ చెయ్యి ఎవరిది?

ఇన్ని జాగ్రత్తలూ చెప్పుకున్నాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఇదంతా ఎవరి పని? అమెరికాలో 1991లో వచ్చిన నిబంధన ప్రకారం రక్తం, శరీర ద్రవాల నుంచి కాపాడుకోవడానికి వేసుకునే దుస్తుల్ని ఉతికించే బాధ్యత, ఖర్చు యాజమాన్యానివే. ఉద్యోగి ఇంటికి తీసుకెళ్లి ఉతకకూడదు. బ్రిటన్‌లో యూనిఫాం సొంతంగా ఉతుక్కునే నర్సులకు ఆదాయపు పన్ను లెక్కలో కొంత మినహాయింపు ఉంది. మన కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతకుముందు విడివిడిగా ఉన్న యూనిఫాం, వాషింగ్ అలవెన్సుల్ని కలిపేసి, 2017 జులై నుంచి నర్సులకు నెలకు 1,800 రూపాయల డ్రెస్ అలవెన్సు ఇవ్వాలని నిర్ణయించారు. అంటే, ఉతకడం కూడా ఉద్యోగంలో భాగమేనని సర్కారే ఒప్పుకున్నట్టు! 2015లో మొదలైన ‘కాయకల్ప’ పథకంలో ప్రభుత్వ ఆసుపత్రులకు మార్కులు వేసేటప్పుడు లాండ్రీని కూడా చూస్తారు.

ఇదంతా పెద్ద ఆసుపత్రుల సంగతి. సందు చివర నర్సింగ్‌హోమ్‌లో రెండు జతల యూనిఫాంతో నెట్టుకొచ్చే సిస్టర్ మాటేంటి? రాత్రి డ్యూటీ దిగి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, ఆ తర్వాత బకెట్ ముందు కూర్చునే ఆమెకు వేడినీళ్ల ఖర్చు ఎవరిస్తారు? ఆ బట్టల్ని ఏమీ చెప్పకుండా పనిమనిషికో, సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గరో ఇచ్చేస్తే... వాళ్ల చేతులకు గ్లవుజులు ఎవరిస్తారు? అవి ఆసుపత్రి బట్టలని చెప్పడం, రక్తం అంటినవైతే ముందే విడిగా జాడించి ఇవ్వడం కనీస మర్యాద.

2020లో కరోనా రోజుల్లో ఈ భయం చాలా ఇళ్లకు అనుభవమైంది. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ గుమ్మం బయటే ఆగి, బట్టలు బకెట్లో వేసి, స్నానం చేశాకే పిల్లల్ని దగ్గరికి తీసుకునేది. కరోనా ఉధృతి తగ్గింది. బకెట్ మూలకు చేరింది. క్రిములు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆసుపత్రిలో ఒక గది, ఒక వేడినీళ్ల మెషీన్, సిబ్బందికి బట్టలు మార్చుకునే చోటు, మనిషికి నాలుగైదు జతలు... ఏ స్కానింగ్ యంత్రంతో పోల్చినా ఇదేమంత ఖర్చు కాదు. రోగిని కాపాడే యూనిఫాం దాన్ని వేసుకున్నవాళ్ల ఇంటినీ, దాన్ని ఉతికే చేతుల్నీ కూడా కాపాడాలి. అప్పుడే ఆ తెలుపుకు అర్థం!